పావు చుట్టు

కోళ్ళ కొట్టంలో దొరికింది.
డ్రైవరు సీట్లో గడ్డి, గడ్డిలో నాలుగు గుడ్లు.
గుడ్లు నాకిచ్చి
కారు తను ఉంచుకున్నాడు ఆల్విన్.
ఆ పంపకంలో ఎవరు నష్టపోయారో తేలడానికి
పదకొండు చలికాలాలు పట్టింది.

ఎమ్‌జీబీ, అరవై ఏడు నాటిది.
ఒకప్పుడు పసుపు రంగన్నాడు, నమ్మాను.
కాలు పెడితే నేల లేదు,
తుప్పు తిన్నంత తిని వదిలేసిన చోట
ష్రాప్‌షైర్ బురద కనబడేది.

ముప్పై ఏళ్ళు లడ్లో బస్సుల కింద పడుకున్న మనిషి
పింఛను మొదలయ్యాక దీని కింద పడుకున్నాడు.
భోజనానికి పిలిస్తే
బూట్లు కదిలి జవాబిచ్చేవి.

పాత ఇంజను ఇనుము, నాలుగు సిలిండర్లు.
కొత్తది ఎనిమిది. పోలీసుల రోవర్‌లో
దొంగల వెంట పరిగెత్తి పరిగెత్తి
చివరికి తుక్కు కొట్టులో కూలబడినది.
ఇంత పెద్దది పెడితే ముందు చక్రాలు కుంగిపోవా అన్నాను.
మాట్లాడకుండా వెళ్ళి
టజ్ దగ్గర బంగాళాదుంపల కాటా అరువు తెచ్చి
రెండింటినీ తూచి చూపించాడు.
అల్యూమినియం. ఇంచుమించు ఒకటే బరువు.
పెద్దదయ్యాక కూడా బరువు కాకపోవడం
మనుషుల్లో నేను అరుదుగా చూశాను.

వాల్వు మూతల మీద నల్ల పెయింటు
ముడతలు తేలాలంటే సన్నని సెగ కావాలట.
నా ఓవెన్‌లో పెట్టాడు, నాకు చెప్పకుండా.
ఆ ఆదివారం పాస్టరుగారు
గొర్రె మాంసం రెండోసారి వడ్డించుకోలేదు.

క్లబ్బు నుంచి నెవిల్ వచ్చాడు, జేబులో చిన్న టార్చితో.
సమాధి రాళ్ళు చదివినట్టు
బోల్టు తలలన్నీ వంగి చదివాడు.
"బాగుంది. కానీ అసలుది కాదు."
టీ పోశాను.
నా కుడి తుంటి టైటానియం, నెవిల్.
పై వరస పళ్ళు ఎవరో కుర్రాడు అచ్చు పోసినవి.
ప్రిచర్డ్ అన్న ఇంటిపేరు కూడా
ఇరవై మూడో ఏట బిగించిందే.
ఇంకో బిస్కెట్ తీసుకో, అవి మాత్రం అసలువి.

చూసినవాళ్ళంతా గుండె మార్పిడి అంటారు.
నాకా మాట గిట్టదు.
గుండె మార్చాక పాతది ఎవరూ ఇంటికి తెచ్చుకోరు.
మాది షెడ్డు మూల, దుప్పటి కింద ఉంది.

రోడ్డెక్కొచ్చని కాగితం వచ్చిన వారమే
కంటి డాక్టరమ్మ ఇక నడపొద్దంది.
చూపు నడిమధ్యన మచ్చ, చుట్టూ అంచుల్లో లోకం.
తాళంచెవి తెచ్చి
జామ్ సీసా పక్కన పెట్టాడు, నావైపు.

బర్వే దారి.
ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు.
ఆల్విన్ కళ్ళు మూసుకుని, జ్వరం చూసినట్టు
డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు.
"రెండు... ఇప్పుడు మూడు. మూడు చాలు."
చాలింది.
పైన, దారి తిన్ననైన చోట
నా పాదం నా మాట వినలేదు.
ఎవరో నడుం వెనక చెయ్యేసి తోసినట్టు,
డెబ్భై ఒకటో ఏట ఎవరు తోస్తారండీ అలా?
గొర్రెలు తలెత్తి చూసి
మళ్ళీ గడ్డిలోకి దించేశాయి.
"ఎంత వేగం?" అన్నాడు.
"నలభై."
ఇంజను వినేవాడికి అబద్ధం చెప్పి లాభమేముంది,
కొండ దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

నెలకోసారి పాత ఇంజనుని చేత్తో తిప్పేవాడు
లోపల పట్టేయకుండా.
ఇప్పుడు నట్టు మీద స్పానరు కుదరదు అతనికి,
మచ్చ సరిగ్గా అక్కడే పడుతుంది.
ఒకటో తారీకున నేనే వెళ్తాను.
దుప్పటి తీసి, పావు చుట్టు.
ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి
చల్లగా, ఇంత ఊపిరి
మణికట్టుకి తగులుతుంది.
కప్పేసి వచ్చేస్తాను.